సౌండ్‌వేవ్ ఒక్కటే కొనాలంటే ఏది కొనాలి?

గుజరాతీ_గల్లీ_రాజు (కోఠి)
అందరికీ నమస్తే. ఇంట్లో అద్దాల అల్మారాలో ఒక్క బొమ్మకే చోటుంది, పర్మిషన్ కూడా ఒక్కదానికే వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్స్‌లో (వేరే వస్తువులుగా మారే రోబో బొమ్మలు) నాకు సౌండ్‌వేవ్ (టేప్‌రికార్డర్‌గా మారే రోబో, ఛాతీలో పెట్టుకునే క్యాసెట్లు కూడా రోబోలే) తప్ప ఇంకోటి అక్కర్లేదు కాబట్టి దయచేసి ఎవరూ ఆప్టిమస్ కొనమని సలహా ఇవ్వొద్దు. మా నాన్నగారు గుజరాతీ గల్లీలో టేప్‌రికార్డర్లు రిపేర్ చేసేవారు, నేను పెరిగిందే హెడ్లు, బెల్టులు, మోటార్ల మధ్య, అందుకే ఈ పిచ్చి.

నా ముందున్నవి ఇవి: 1984 నాటి అసలు బొమ్మ (మలక్‌పేటలో ఒకాయన దగ్గరుంది, క్యాసెట్ తలుపు మీద చిన్న పగులు, తుపాకులు లేవు), పెద్దవాళ్ల కోసం చేసే మాస్టర్‌పీస్ సిరీస్‌లోని ఎంపీ-13 సెకండ్ హ్యాండ్ (14 వేలు అడుగుతున్నాడు, బేరం ఆడొచ్చు), 2017 టైటన్స్ రిటర్న్ సిరీస్‌ది, 2019 సీజ్ సిరీస్‌ది. ఆన్‌లైన్‌లో వీడియోలు చూసి చూసి తల తిరుగుతోంది. చేతిలో పట్టుకుని తిప్పినవాళ్లు చెప్పండి.

అబిడ్స్_ఆదివారం
తుపాకులు లేకపోతే ఆ 1984ది వదిలేయండి రాజు గారూ. సౌండ్‌వేవ్ తుపాకులంటే మామూలు తుపాకులు కావు కదా, అవి మడిచి వెనక బ్యాటరీ అరలో పెడితే పెన్సిల్ సెల్స్ అవుతాయి! అసలు ఆ బొమ్మలో సగం తెలివి అక్కడే ఉంది. అవి లేకుండా వెనక మూత తీస్తే లోపల ఖాళీ, టేప్‌రికార్డర్‌కి సెల్స్ తీసేసినట్టే.

రావేజ్_ఫ్యాన్_హైద్ (కుషాయిగూడ)
సీజ్ తీసుకో అన్నా. మోచేయి, మోకాలు, నడుము అన్నీ తిరుగుతాయి, ఏ ఫోజులో పెడితే ఆ ఫోజులో నిలబడుతుంది. 1984ది నిలబెడితే అటెన్షన్‌లో ఉన్న కానిస్టేబుల్. చేతులు పైకీ కిందికీ, అంతే సంగతులు.

గుజరాతీ_గల్లీ_రాజు
సీజ్ టేప్‌రికార్డర్ అవుతుందా మరి?

రావేజ్_ఫ్యాన్_హైద్
అవ్వదు, సైబర్‌ట్రాన్ (ఆ రోబోల సొంత గ్రహం) ఓడ అవుతుంది. నిలువుగా పెడితే దీపస్తంభం అనుకోవచ్చు. నవ్వకండి, 1984 కార్టూన్ మొదటి ఎపిసోడ్‌లో సౌండ్‌వేవ్ భూమ్మీదకి రాకముందు దీపస్తంభంలాగే దాక్కుంటాడు, దానికి గుర్తుగా చేశారు.

స్రవంతి_మల్కాజిగిరి
ఆ గుర్తు ఎంతమందికి గుర్తుందో గానీ మా ఇంటికొచ్చినవాళ్లంతా "ఇది సగంలో ఆగిపోయిందా?" అనే అడిగారు నా సీజ్ బొమ్మను చూసి. రోబోగా మాత్రం చాలా బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ సిరీస్‌లో ఒంటి నిండా ఆయుధాలు తగిలించే రంధ్రాలు ఇచ్చారు, సౌండ్‌వేవ్‌కి అవి అంత నప్పలేదు. ఛాతీ తెరుచుకుంటుంది, కానీ అందులో పట్టే చిన్న రోబోలు, పక్షి లేజర్‌బీక్, చిరుతపులి రావేజ్, వేరే ప్యాకు, విడిగా కొనాలి. ఆ ప్యాకు ఇప్పుడు ఊళ్లో ఎక్కడా దొరకడం లేదు.

టైటన్స్ రిటర్న్ కూడా నా దగ్గరుంది. అది పెద్ద సైజు, లీడర్ క్లాస్. తల ఊడి చిన్న రోబో అవుతుంది, ఒళ్లు స్టీరియో డబ్బా అవుతుంది, విప్పి పరిస్తే ఇంకో కోట కూడా అవుతుంది. మా పెద్దాడికి మాత్రం ఇదే ఇష్టం, ఎందుకంటే కింద పడినా ఏమీ కాదు. నాకున్న కంప్లైంట్ ఒక్కటే, ఇది పుట్టింది సౌండ్‌వేవ్ కోసం కాదు. ముందు బ్లాస్టర్ అనే ఇంకో రోబోగా వచ్చిన అచ్చునే కొంత మార్చి సౌండ్‌వేవ్ చేశారు. బ్లాస్టర్ 1985 నుంచీ పెద్ద రేడియో డబ్బా, సౌండ్‌వేవ్ జేబులో పట్టే చిన్న రికార్డర్. ఇద్దరి ఒళ్లూ ఒకటే ఎలా అవుతాయి? భుజాల దగ్గర చూస్తే తెలిసిపోతుంది, అదంతా డబ్బా స్పీకర్ల వెడల్పు.

స్పీడ్‌బ్రేకర్_99 (మియాపూర్)
అందరూ పాతవే మాట్లాడుతున్నారు. 2011 సినిమాలో సౌండ్‌వేవ్ వెండి రంగు మెర్సిడెస్ ఎస్ఎల్ఎస్! దాని ముందు టేప్‌రికార్డర్ ఏంటి బ్రో. ఇప్పటి పిల్లలకి టేప్‌రికార్డర్ అంటే తెలుసా?

అబిడ్స్_ఆదివారం
తెలియకపోతే తెలుసుకుంటారు. అదే లెక్కన 2009 సినిమాలో ఉపగ్రహం అయ్యాడు, అంతరిక్షంలో వేలాడుతూ మాటలు వింటాడు. అది కొంచెం అర్థముంది, వినడమే అతని పని కాబట్టి. కారెందుకయ్యాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

స్పీడ్‌బ్రేకర్_99
కారు బాగుంది కాబట్టి 😀

క్యాసెట్_మనిషి (తార్నాక)
కొంచెం పొడవుగా రాస్తున్నా, ఓపిక ఉన్నవాళ్లు చదవండి, ఎందుకంటే ఏది కొనాలో తేలాలంటే ఈ బొమ్మ ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలి.

1984లో అమెరికా బొమ్మల కంపెనీ హాస్బ్రో ట్రాన్స్‌ఫార్మర్స్ మొదలుపెట్టినప్పుడు చాలావరకు కొత్త బొమ్మలు చేయించలేదు. జపాన్‌లో తకారా కంపెనీ అప్పటికే అమ్ముతున్న వాటిని తీసుకుని, పేర్లు, కథ తగిలించింది. ఆ బొమ్మలు ముఖ్యంగా రెండు వేరే లైన్ల నుంచి వచ్చాయి. ఒకటి డయాక్లోన్, అందులో రోబోలకి లోపల కూర్చునే చిన్న డ్రైవర్ బొమ్మలుండేవి, లారీలు, కార్లు, ఎఫ్-15 విమానాలు అన్నీ అక్కడివే, మన ఆప్టిమస్, స్టార్‌స్క్రీమ్ కూడా. రెండోది మైక్రోమ్యాన్‌లో భాగంగా 1983లో వచ్చిన మైక్రో ఛేంజ్. మైక్రోమ్యాన్ అంటే మనింట్లో మనకి తెలియకుండా తిరిగే బుల్లి మనుషులు. కాబట్టి ఆ రోబోలు ఇంట్లో ఉండే వస్తువుల్లా వేషం వేస్తాయి. పిస్తోలు (మెగాట్రాన్), మైక్రోస్కోప్ (పర్సెప్టర్), క్యాసెట్ ప్లేయర్. ఆ క్యాసెట్ మ్యానే సౌండ్‌వేవ్ అయ్యాడు.

అంటే సౌండ్‌వేవ్ నిజమైన రికార్డర్ సైజులోనే ఉండాల్సిన బొమ్మ. కార్టూన్‌లో భవనమంత రోబో చటుక్కున అరచేతిలో పట్టే రికార్డర్ ఎలా అయిపోతాడని అందరం వాదించుకున్నాం, కానీ బొమ్మ చేసినవాడి వైపు నుంచి చూస్తే గొడవే లేదు. అది టేబుల్ మీద పెడితే రికార్డరే అనుకోవాలి, దాని పక్కన పడున్నది మైక్రో క్యాసెట్టే అనుకోవాలి. (ఒలింపస్ 1969లో తెచ్చిన చిన్న క్యాసెట్ అది, మనం ఆడియో షాపులో కొన్న పెద్ద క్యాసెట్ కాదు. రాజు గారికి నేను చెప్పాలా!) అందుకే ఓడ అయ్యే సౌండ్‌వేవ్, కారయ్యే సౌండ్‌వేవ్ ఎంత బాగా నిలబడినా నాకు వేరే ఎవరో అనిపిస్తాడు.

ఈ లెక్కలో మిగిలేవి రెండే, 1984ది, ఎంపీ-13. నా దగ్గర రెండూ ఉన్నాయి. 1984లో ఒక్క క్యాసెట్ పడుతుంది. 1987లో జపాన్‌లో సౌండ్‌బ్లాస్టర్ అని నల్లగా ఒకటి వచ్చింది, దాని ఛాతీలో రెండు పడతాయి. ఎంపీ-13లో మూడు పడతాయి, మందం బాగా తగ్గించారు కాబట్టి. పక్షి లేజర్‌బీక్ పెట్టెలోనే వస్తుంది, చేతిలో పట్టుకోవడానికి పిస్తోలు రూపంలో మెగాట్రాన్ కూడా ఇచ్చారు. మిగతా క్యాసెట్ రోబోల్లో రంబుల్, రావేజ్ కలిపి ఎంపీ-15గా, ఫ్రెంజీ, బజ్‌సా కలిపి ఎంపీ-16గా తర్వాత వచ్చాయి. ఎంపీ-15 రావేజ్‌ని చూసి తీరాలి. పాత రావేజ్ పక్క నుంచి చూస్తే చిరుతపులి, ఎదురుగా చూస్తే అట్టముక్క. కొత్తది అంత పల్చని క్యాసెట్ నుంచి మెడ, తోక, నాలుగు కాళ్లూ విప్పుకుని నిజంగా ఒళ్లున్న జంతువులా నిలబడుతుంది. మొదటిసారి విప్పినప్పుడు ఏ ముక్క ఎక్కడిదో తెలియక భయమేసింది, గోరు పెట్టి లాగాలి.

ఎరుపు_రంబుల్
ఎంపీ-15లో రంబుల్ నీలం. తప్పు. రంబుల్ ఎరుపు, ఫ్రెంజీ నీలం. అంతే.

అబిడ్స్_ఆదివారం
వచ్చాడండీ.

స్రవంతి_మల్కాజిగిరి
మళ్లీ మొదలు పెట్టకండి ప్లీజ్.

ఎరుపు_రంబుల్
మొదలు పెట్టింది నేను కాదక్కా, హాస్బ్రో. 1984 పెట్టె మీద రంబుల్ ఎరుపు. కార్టూన్ వాళ్లు తిరగేశారు. బొమ్మ ముందా, కార్టూన్ ముందా?

క్యాసెట్_మనిషి
గొంతు, గుణం, పేరు పిలిచి బయటికి తీయడం, ఇవన్నీ కార్టూన్ ఇచ్చినవే కదా తమ్ముడూ. నీ బొమ్మకి ఆ పేరు పెట్టి పిలిచింది నువ్వు టీవీలో చూసే కదా. మాస్టర్‌పీస్ వాళ్లు కార్టూన్ రంగులే వేశారు, నా ఓటు అటే.

ఎరుపు_రంబుల్
నా ఓటు పెట్టెకి. మీ ఎంపీ-15 రంబుల్ నాకిచ్చేయండి, ఫ్రెంజీ అని పిలుచుకుంటా.

మోడరేటర్
రంబుల్ రంగు మీద విడిగా చర్చ ఉంది, ఇంకా నడుస్తూనే ఉంది. అక్కడికి వెళ్లండి. ఇక్కడ రాజు గారి ప్రశ్న.

డై_మేకర్_బాలానగర్
నేను బొమ్మలు పెద్దగా సేకరించను, మా అబ్బాయి సేకరిస్తాడు. నా పని ప్లాస్టిక్ డైలు (ప్లాస్టిక్ పోసే అచ్చులు), బాలానగర్‌లో చిన్న షెడ్డు. అబ్బాయి ఎంపీ-13 తెచ్చినప్పుడు విప్పి చూశాను (వాడు ఏడుపొక్కటే తక్కువ), అందుకని నాకు తెలిసింది రాస్తాను.

ఎజెక్ట్ బటన్ నొక్కితే తలుపు తెరుచుకోవాలి, అవునా. పాత 1984 బొమ్మలోనూ స్ప్రింగే, కొత్తదాంట్లోనూ స్ప్రింగే. పాతదాంట్లో చూడాల్సింది తలుపు. పాతదాంట్లో తలుపు పారదర్శక ప్లాస్టిక్, దాని రెండు చివర్లా సన్నని పిన్నులు, అవే ఇరుసు. పారదర్శక ప్లాస్టిక్ గట్టిగా ఉంటుంది గానీ వంగదు, పిన్ను మీద స్ప్రింగ్ దెబ్బ పడ్డ ప్రతిసారీ కొంత కొంత అలిసిపోయి ఒకరోజు టక్కున విరుగుతుంది. అందుకే రాజు గారూ, మలక్‌పేట బొమ్మ తలుపు పగులు పిన్ను దగ్గరుంటే తీసుకోకండి. మధ్యలో గాజు భాగం మీద ఉంటే పర్లేదు, అక్కడ బలం పడదు.

ఇంకో మాట. అందరూ ఫస్ట్ కాపీ గురించి అడుగుతారు, బేగంబజార్‌లో సగం కన్నా తక్కువకి దొరుకుతుందని. ఫస్ట్ కాపీ చేసేవాడు అసలు బొమ్మ విప్పి, ముక్క ముక్క కొలిచి డై చేస్తాడు. కరిగిన ప్లాస్టిక్ చల్లారితే కుంచించుకుంటుంది. ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ అయితే సుమారు అర శాతం, కీళ్లలో వాడే పీఓఎం లాంటి జారుడు ప్లాస్టిక్ అయితే రెండు శాతం దాకా. అసలు డై చేసినవాడు ఈ లెక్క వేసుకునే డై పెద్దది చేస్తాడు. కాపీ చేసేవాడు ఆ లెక్క వదిలేసినా, రెండు ప్లాస్టిక్‌లకీ ఒకే లెక్క వేసినా, పిన్ను ఒక కొలతకీ రంధ్రం ఇంకో కొలతకీ వస్తాయి. ఒక కీలు బిగుసుకుపోతుంది, పక్కది ఊగుతుంది. మీకు అర మిల్లీమీటరు తేడా కంటికి కనబడదు, మూడు క్యాసెట్లు ఒక దాని మీద ఒకటి దూర్చినప్పుడు తలుపు మూతపడక తెలుస్తుంది.

రావేజ్_ఫ్యాన్_హైద్
సార్ మరి సైజు పెంచి చేసేవి? అసలు కన్నా పెద్దగా చేసే కాపీలు వస్తున్నాయి కదా, కొంతమంది అవే బాగున్నాయంటున్నారు.

డై_మేకర్_బాలానగర్
సైజు అన్ని వైపులా 30 శాతం పెంచితే బరువు రెండింతలు దాటుతుంది బాబూ (1.3 ను మూడుసార్లు గుణించు, 2.2 వస్తుంది). కీలులో రాసుకునే వైశాల్యం మాత్రం 1.7 రెట్లే పెరుగుతుంది. అంటే చెయ్యి బరువెక్కింది, పట్టు అంత పెరగలేదు. తెలివైనవాడు ఆ కీలుకి పళ్ల చక్రం పెడతాడు, కటకటమని ఆగుతుంది. తెలివి లేనివాడు స్క్రూ బిగించి పంపిస్తాడు, నాలుగు రోజులకి చెయ్యి వేలాడుతుంది. కొనేముందు మోచేయి వంచి, పట్టుకోకుండా వదిలి చూడు. అంతకన్నా టెస్ట్ లేదు.

స్రవంతి_మల్కాజిగిరి
ఈ పోస్టు పైన పిన్ చేయండి మోడరేటర్ గారూ.

కస్టమ్స్_బాధితుడు (నాచారం)
ఇదంతా సరే, జపాన్ నుంచి కొత్త ఎంపీ తెప్పిద్దామనుకునేవాళ్లు ఒకసారి ఆగండి. 2020లో బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 20 శాతం నుంచి 60 చేశారు, 2023లో 70. పైగా 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ మార్కు లేని బొమ్మలు దేశంలో అమ్మకూడదు, దిగుమతి చేయకూడదు. ఆ నిబంధన 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకి. నా పార్సిల్ పెట్టె మీద స్పష్టంగా "15 ఏళ్లు పైబడినవారికి" అని ఉంది. ఆ అంకె మీద వేలు పెట్టి చూపించి మరీ వాదించాను. అవతలాయన పెట్టె అటూ ఇటూ తిప్పి, "బొమ్మే కదా సార్" అన్నాడు. పార్సిల్ వెనక్కి వెళ్లిపోయింది. కొరియర్ కంపెనీ పేరు చెప్పను, వాళ్లు వెనక్కి పంపిన ఖర్చు కూడా నా దగ్గరే తీసుకున్నారు.

క్యాసెట్_మనిషి
అందుకే సెకండ్ హ్యాండ్‌లో 14 వేలు అడుగుతున్నాడంటే నేను ఆశ్చర్యపోను. బేరం ఆడండి, కానీ బాక్సు, కాగితాలు, మెగాట్రాన్ పిస్తోలు ఉన్నాయో లేదో చూసి ఆడండి. ఎక్కువగా పోయేది ఆ పిస్తోలే. అమెరికాలో హాస్బ్రో పేరుతో అమ్మినదాంట్లో ఐదు క్యాసెట్లు వచ్చాయి, అది దొరికితే విడిగా కొనే పని తప్పుతుంది, కానీ మన దగ్గర నేను ఎవరి దగ్గరా చూడలేదు.

అబిడ్స్_ఆదివారం
ఎవరూ 2007 మ్యూజిక్ లేబుల్ సౌండ్‌వేవ్ మాట ఎత్తలేదేంటి? తకారా టొమీ వాళ్లు నిజంగా పాటలు పాడే సౌండ్‌వేవ్ చేశారు, మినీ ఎస్‌డీ కార్డు పెట్టి ఇయర్‌ఫోన్ గుచ్చుకోవడమే. రాజు గారి కథకి అదే సరిగ్గా సరిపోతుంది.

గుజరాతీ_గల్లీ_రాజు
చూశానండీ, ఆశ పుట్టింది కూడా. కానీ పాటలు పాడే సామాను లోపల పెట్టాక క్యాసెట్ రోబోలకి చోటేది? పాట వినడానికి నా దగ్గర నిజమైన టేప్‌రికార్డర్లే పది ఉన్నాయి. నాకు కావలసింది తలుపు తెరుచుకుని లోపల్నుంచి ఎవడో ఒకడు బయటికి రావడం.

స్పీడ్‌బ్రేకర్_99
సరే బ్రో, మీరందరూ అన్నాక నేనూ ఒప్పుకుంటా, కారులోంచి ఎవరూ రారు. కానీ మెర్సిడెస్ డోర్లు పైకి లేస్తాయి చూడండి, అది మాత్రం సూపర్.

స్రవంతి_మల్కాజిగిరి
రాజు గారూ, అద్దాల అల్మారా అన్నారు కదా, కిటికీకి ఎదురుగా పెట్టకండి. మన ఏప్రిల్, మే ఎండకి స్టిక్కర్లు మూలల్లో లేస్తాయి, లోపల వేడికి మెత్తటి ప్లాస్టిక్ ముక్కలు వంగుతాయి. 1984 దాని అందమంతా ఆ బంగారు రంగు స్టిక్కర్లలోనే ఉంది, అవి పోతే వట్టి నీలం డబ్బా. ఎంపీ-13కి ఆ బెంగ తక్కువ. మెత్తటి కత్తి, గన్ను లాంటివి వంగితే వేడి నీళ్లలో ముంచి, సరిచేసి, వెంటనే చల్లనీళ్లలో వేయండి, మళ్లీ నిటారుగా నిలుస్తాయి. గట్టి ప్లాస్టిక్‌కి ఈ వైద్యం చేయొద్దు.

గుజరాతీ_గల్లీ_రాజు
ఈ రోజు మలక్‌పేట వెళ్లాను. తలుపు పగులు సరిగ్గా పిన్ను దగ్గరే ఉంది. ఆయన మంచాయనే, "నొక్కి చూడండి" అన్నాడు, నేనే నొక్కలేదు, నా చేతిలో విరిగితే కొనాల్సి వస్తుంది. సాయంత్రం ఎంపీ-13 ఆయన్ని సికింద్రాబాద్‌లో కలిశాను. స్టేషన్ పక్క ఇరానీ హోటల్లో టీ సాసర్లు పక్కకి జరిపి టేబుల్ మీద పెట్టాడు. బటన్ నొక్కితే తలుపు తెరుచుకుంది, లేజర్‌బీక్ బయటికొచ్చింది, మోచేయి వంచి వదిలితే వంచినచోటే ఆగింది. పిస్తోలు ఉంది, బాక్సు ఉంది, కాగితాల్లో ఒకటి చిరిగింది. 12,500కి ఒప్పుకున్నాడు.

ఒక్క తేడా కనబడింది. రికార్డర్‌గా మడిచాక కింద కాళ్ల దగ్గర ఎడమవైపు సన్నని సందు ఉంటోంది, కుడివైపు లేదు. ఇది అన్నిటికీ ఉంటుందా, లేక ఆయన ఎక్కడో తప్పుగా మడిచి పెట్టుకున్నాడా?

క్యాసెట్_మనిషి
నా దానికి లేదు. కాళ్లు మడిచేముందు పాదం పూర్తిగా లోపలికి తిప్పారా? పూర్తిగా తిరిగితే టక్‌మని వినబడుతుంది. వినబడకుండా మూస్తే ఆ సందే వస్తుంది.

డై_మేకర్_బాలానగర్
అదే అయ్యుంటుంది. బలవంతంగా నొక్కకండి. విప్పి మళ్లీ మొదటి నుంచి మడవండి, ఫోటో పెట్టండి చూస్తాను.

గుజరాతీ_గల్లీ_రాజు
పాదం సంగతే. టక్‌మంది, సందు పోయింది. అందరికీ థ్యాంక్స్. ఇక రంబుల్ ఉన్న ఎంపీ-15 ఎవరైనా అమ్మితే చెప్పండి.

ఎరుపు_రంబుల్
ఫ్రెంజీ ఉన్న ఎంపీ-15 అనండి, వెతికిపెడతా.